తమ్ముడిచ్చిన రక్తం

ఆ ఊళ్ళో ఎవరింట్లో ఏం జరుగుతోందో పరుపులమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసి లాభం లేదు, ఆవిడ చెప్పదు. అసలు పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది కానీ, ఊరంతా పరుపులమ్మ అనే పిలుస్తుంది, ఆవిడ కూడా దానికే పలుకుతుంది. బజారు చివర, పిండిమరకీ సైకిళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ఎప్పుడు చూసినా నేలంతా దూది. పాత పరుపు విప్పి, లోపల గడ్డకట్టిన దూదిని ఎండలో ఆరేసి, బెత్తంతో చావగొట్టి, ఏకి, కొత్త గుడ్డలోకి దట్టించి, జానెడు పొడుగు సూదితో చుట్టూ అంచు కుట్టడం ఆవిడ పని. మొగుడు పోయాక ఇద్దరు కొడుకుల్ని ఆ సూదితోనే పెంచింది.

ఒక ఇంటి పరుపు విప్పితే ఆ ఇంటి గుట్టంతా బయటపడుతుంది. మీసాలు దువ్వుకుని బజార్లో తిరిగే మనిషి పక్క తడుపుతాడని ఆవిడకి తెలుసు. ఏ మొగుడూ పెళ్ళాలు వేరువేరుగా పడుకుంటున్నారో తెలుసు. ఏ పరుపు మీద పచ్చటి మరకలున్నాయో, ఏ పరుపులోంచి పుండు వాసన వస్తోందో కూడా తెలుసు. ఆ గుడ్డని గబుక్కున చుట్టచుట్టి తొట్లో పడేసి, "దూది చూసింది, నేను చూళ్ళేదు" అనేది. పరుపు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ మొహంలోకి కూడా చూసేది కాదు. అందుకే ఊరు ఆవిడ్ని నమ్మింది. మంచి గుణమే, కాదని ఎవరంటారు? అయితే నోరు మూసుకోవడం అలవాటైపోయిన మనిషికి, తెరవాల్సిన రోజు వచ్చినా ఆ నోరు పెగలదు. ఈ కథంతా ఆ గొడవే.

ఆ ఊళ్ళో నడుము కిందికి ఏం వచ్చినా దాని పేరు వేడి. మగాడికి మంట పుడితే వేడి, ఆడదానికి తెల్లబట్ట అయితే వేడి, పుండు లేస్తే వేడి బాగా ఎక్కువైనట్టు. మందు కూడా ఒకటే, బార్లీ నీళ్ళు. పరుపులమ్మ మొగుడు బతికున్న రోజుల్లో దూరాభారం పనులకెళ్ళి వచ్చినప్పుడల్లా వేడి చేసి వచ్చేవాడు. ఆవిడ కుండెడు బార్లీ కాచి పోసేది. పెద్దకొడుక్కి ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు కళ్ళు తెరవకుండానే పోయారు. వాళ్ళకీ వేడి తగిలిందని అత్తగారు చెప్పింది, ఈవిడ తలూపింది.

ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఈ వేడి సంగతి తేల్చాలని ఒకసారి బడిలో మీటింగు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన గోడకి బొమ్మల గుడ్డ తగిలించాడు. చేతులు కడుక్కునే బొమ్మ చూపిస్తే అందరూ శ్రద్ధగా విన్నారు. దోమల బొమ్మ చూపిస్తే ఇంకా శ్రద్ధగా విన్నారు. మూడో బొమ్మ విప్పేసరికి ఊళ్ళో మగాళ్ళందరికీ ఒక్కసారే ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. "మా వేడి మేం చల్లార్చుకుంటాం గానీ, ఆ బొమ్మ మూసెయ్ నాయనా, పిల్లలున్నారు" అంది ఒక ముసలమ్మ. ఆయన చెమటలు తుడుచుకుంటూ గుడ్డ చుట్టేశాడు. పాపం జనం సిగ్గుపడుతున్నారని, ఆ జబ్బుల కోసం గురువారం మధ్యాహ్నం విడిగా కేటాయించారు. దాంతో గురువారం మధ్యాహ్నం ఆ దారిన నడిచినవాడి సంగతి ఊరందరికీ తెలిసిపోయేది. కాలు బెణికినవాడు కూడా కుంటుకుంటూ శుక్రవారం దాకా ఆగేవాడు.

పరుపులమ్మ పెద్దకొడుకు బోరు బండి మీద పనిచేస్తాడు. ఊరూరా నేలకి కన్నాలు పెట్టుకుంటూ నెలల తరబడి తిరిగి, వానలు పడి బండి ఆగితే ఇంటికి వస్తాడు. చిన్నకొడుకు తల్లి దగ్గరే దూది కొడతాడు. పెద్దకోడలు ఆ ఇంటికి వచ్చాకే ఇంట్లో మాట వినపడింది. ఆ పిల్ల నోరు ఊరుకోదు, దూది ఏకుతూ కూడా ఏదో ఒకటి చెప్పి నవ్వుతుంది. ఆ పిల్ల కుట్టిన అంచు గీత గీసినట్టుండేది. "నా సూది నీకిచ్చేశాను పో" అంది అత్తగారు ఒకరోజు, తన కళ్ళు మసకబారుతున్నాయని చెప్పడానికి బదులు. సొంత కూతురుంటే ఇంత ప్రేమించేదో లేదో తెలీదు గానీ, కోడల్ని మాత్రం ప్రేమించింది. అది అబద్ధం కాదు.

మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. వేడి, అన్నారు. రెండోసారి నిలిచినప్పుడు ఆరోగ్య కేంద్రంలో కొత్తగా వచ్చిన నర్సమ్మ ఊరుకోలేదు. రక్తం తీసి, పరీక్ష చేసి, అత్తాకోడళ్ళిద్దర్నీ లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది.

"అమ్మా, ఇది వేడి కాదు. దీన్ని సిఫిలిస్ అంటారు. మొగుడూ పెళ్ళాల మధ్య ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. పోయిన బిడ్డ దీనివల్లే పోయుంటుంది. భయపడకండి, సూదిమందుతో నయమవుతుంది, ఈ బిడ్డని దక్కించుకోవచ్చు. కానీ ఆయన్ని కూడా తీసుకురావాలి. ఆయనకి వైద్యం చెయ్యకపోతే నీకెన్ని సూదులేసినా మళ్ళీ అంటుకుంటుంది."

కోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "దక్కుతుందా నర్సమ్మా, నిజంగా?" అని ఆ ఒక్కమాటే నాలుగుసార్లు అడిగింది. పరుపులమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది. ఎప్పుడో మట్టిలో పెట్టిన ఇద్దరు బిడ్డలు గుర్తొచ్చారు. ఇన్నాళ్ళూ దేవుణ్ణి తిట్టుకుంది.

వానలకి ఇంటికొచ్చిన పెద్దకొడుకు ఈ మాట వింటూనే గయ్యిమన్నాడు.

"గురువారం లైన్లో నన్ను నిలబెడతారా? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా? నాకేం రోగం? రాయిలా ఉన్నాను!"

"గురువారం కాకపోయినా రమ్మంది నర్సమ్మ" అంది కోడలు.

"ఆవిడెవరు నన్ను రమ్మనడానికి?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

తల్లి బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. వాడు చలించలేదు. మొగుడు రాకపోతే కోడలికి సూదులు ఆపేస్తారేమోనని ఆవిడ భయం. అలాగని నర్సమ్మ ఎక్కడా అనలేదు, ఈవిడే ఊహించుకుంది. చివరికి ఆవిడకో ఉపాయం తట్టింది. నర్సమ్మకి కావలసింది కోడలి మొగుడి రక్తం. ఆ మొగుడూ, చిన్నోడూ ఇద్దరూ తన కడుపున పుట్టినవాళ్ళే, తన పాలు తాగినవాళ్ళే, ఒకే తండ్రి బిడ్డలు. ఎవరి చేతిలోంచి తీస్తేనేం, రక్తం ఒకటే కదా! మోసం చేస్తున్నానని ఆవిడ అనుకోలేదు. ఒక తాను గుడ్డలో ఈ కొస కోసినా ఆ కొస కోసినా అదే గుడ్డ అన్నట్టే అనుకుంది. నర్సమ్మ కొత్త మనిషి, పెద్దోడి మొహం ఎరగదు. ఆవిడకి కావలసిన ధైర్యమంతా అక్కడే దొరికింది.

"ఒరేయ్ చిన్నోడా, మీ అన్న పేరు చెప్పి కాస్త రక్తం ఇచ్చి రా. మీ వదినకి సూదులు వెయ్యాలంటే కావాలట."

"అన్న పేరెందుకే?"

"వాడు మొండికేశాడు. మీ ఇద్దరి రక్తం ఒకటేగా. వదినకి చెప్పకు, బాధపడుతుంది."

చిన్నోడు వదిన కోసం ఏమడిగినా చేస్తాడు. వెళ్ళి ఇచ్చాడు. రక్తంలో ఏమీ లేదని తేలింది. పెళ్ళానికి ఉంది కాబట్టి ముందుజాగ్రత్తగా మొగుడిక్కూడా వెయ్యాల్సిందేనని నర్సమ్మ సూదిమందు పొడిచింది. అన్నకి పడాల్సిన మందు తమ్ముడి పిర్రకి పడింది. వాడు కుంటుకుంటూ ఇంటికొచ్చి, "నీ మనవడి కోసం నా కాలు తీసేశారే అమ్మా" అని వేళాకోళమాడాడు. ఆవిడ కూడా నవ్వింది. పెద్దోడి రక్తం శుభ్రంగా ఉందని తేలినందుకు ఆ పూట ఆవిడకి ఆకలి కూడా వేసింది.

తర్వాతి సూదికి వెళ్ళినప్పుడు నర్సమ్మ కోడల్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగింది. "మీ ఆయన రక్తంలో ఏమీ లేదు. ఇంకెవరైనా ఉన్నారా అమ్మా? నేను ఎవరికీ చెప్పను. ఉంటే వాళ్ళకీ వైద్యం చెయ్యాలి, అందుకే అడుగుతున్నా." మంచి మనసుతోనే అడిగింది. మంచి మనసుతో వేసిన ప్రశ్న కూడా కొంప కూలుస్తుందని ఆవిడకేం తెలుసు?

కోడలు ఇంటికొచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ. పెద్దోడు కంచం ముందు కూర్చున్నాడు, అత్తగారు వడ్డిస్తోంది.

"మీరు వెళ్ళి రక్తం ఇచ్చారట కదా, నాకు చెప్పనేలేదు. మీకేం లేదట. మరి నాకెలా వచ్చిందండీ?" అంది. ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం కూడా లేదు, నిజంగానే తెలియక అడిగింది.

పెద్దోడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. తాను వెళ్ళలేదని వాడికి తెలుసు. తల్లి మొహంలోకి చూశాడు. ఆవిడ గరిట గిన్నెలో పెట్టి తల దించుకుంది. వాడికి అర్థమైంది. బోరు బండి ఆగిన ఊళ్ళల్లో తానేం వెలగబెట్టాడో వాడికి తెలియదా? కానీ ఎదురుగా తప్పించుకునే దారి కనపడుతుంటే ఎవడు వదులుకుంటాడు!

"చూశావా! నా రక్తం శుభ్రంగా ఉందట. మరి నీకెక్కణ్ణించి వచ్చింది? నేను ఊళ్ళో లేనప్పుడు పరుపులు మోసుకుని ఎవరెవరిళ్ళకి వెళ్ళావు?"

కంచం గోడకి తగిలింది. వాడి కేకలకి పిండిమర దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు గిన్నెలు పట్టుకునే తొంగిచూశారు. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మీటింగులో మూడో బొమ్మ చూడకుండా పారిపోయిన మగాళ్ళందరూ ఆ రోగం ఎలా వస్తుందో ఒకళ్ళకొకళ్ళు వివరంగా చెప్పుకున్నారు.

చిన్నోడు ఆ రాత్రే తల్లిని నిలదీశాడు. "ఆ రక్తం నాదని చెప్పేస్తాను." పక్కగదిలోంచి పెద్దోడు బయటికొచ్చాడు. "చెప్పరా, చెప్పు. వదిన మీద అంత ప్రేమెందుకురా అని ఊరడిగితే ఏం చెప్తావో అది కూడా ఆలోచించుకుని చెప్పు" అన్నాడు. చిన్నోడు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కొద్దిరోజులకే వాడు పట్నంలో పని దొరికిందని బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు వదిన వైపు చూడలేకపోయాడు. వాడు కూడా తనని అసహ్యించుకున్నాడని ఆ పిల్ల అనుకుంది.

ఆ నవ్వే పిల్ల అప్పట్నించి నవ్వలేదు. ఆరోగ్య కేంద్రం గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు మొగుడు. అంతంత మాటలన్నవాడు పక్క మాత్రం వేరు వేసుకోలేదు. ఒకరోజు అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని దూది ఏకుతున్నారు. కోడలు ఉన్నట్టుండి చేతిలో దూది కింద పెట్టింది.

"అత్తయ్యా, నేను ఏ పాపం ఎరగను. బిడ్డ మీద ఒట్టు. ఎంత ఆలోచించినా అంతుబట్టడం లేదు. ఎవరెవరివో పరుపులు విప్పుతాం కదా. ఈ దూదిలోంచి గానీ వచ్చుంటుందా?"

ఇప్పుడు చెప్పాలి. ఇంతకంటే మంచి సమయం రాదు. పరుపులమ్మ నోరు తెరిచింది కూడా.

"అయ్యుండొచ్చు తల్లీ" అంది.

ఆ పిల్ల మొహం చాన్నాళ్ళకి విచ్చుకుంది. "అయితే ఆయనతో చెప్తాను! నర్సమ్మతోనూ చెప్తాను!"

"వద్దమ్మా. ఈ మాట బయటికి పొక్కితే మనకి పరుపులు ఎవరిస్తారు?"

కోడలు తలూపి, మళ్ళీ దూది అందుకుంది. ఉన్న ఒక్క ఆసరా కూడా అత్తగారే లాగేసుకుంది. అత్తగారు అనరాదు, ఆవిడ భయం అనాలేమో. ఏమన్నా ఆ పిల్లకి ఒరిగిందేమీ లేదు.

ఆ వారమే పరుపులమ్మ ఆరోగ్య కేంద్రానికి బయల్దేరింది. చెప్పెయ్యాలనే బయల్దేరింది. శుక్రవారం చూసుకుని మరీ బయల్దేరింది. బల్ల మీద తన వంతు వచ్చేదాకా మనసులో మాటలు పేర్చుకుంది.

"ఏంటమ్మా, కోడలు రావడం లేదే?" అని నర్సమ్మే పలకరించింది. "ఇంకోసారి రక్తం చూడాలి. సరేలే, మీ అబ్బాయికి కూడా సూది వేసేశాం కాబట్టి నాకు బెంగ లేదు. వెయ్యకపోయుంటే నేనే మీ ఇంటికి వచ్చి కూర్చునేదాన్ని."

పరుపులమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "నర్సమ్మా, నాకో అనుమానం. అన్నదమ్ముల రక్తం ఒకటే కదా?"

"అన్నకి జ్వరమొస్తే తమ్ముడి ఒళ్ళు కాలుతుందా అమ్మా? ఎవరి రోగం వాళ్ళదే" అని నవ్వి, నర్సమ్మ నవ్వాపింది. "ఎందుకడిగావు?"

అప్పటిదాకా పరుపులమ్మ చేసింది తెలియక చేసింది. ఇప్పుడు తెలిసింది. నర్సమ్మ చేతిలో పని ఆపి ఎదురు చూస్తోంది. వెనక బల్ల మీద పిండిమర ఆయన పెళ్ళాం కూర్చుని ఉంది, ఇంకెవరో దగ్గుతున్నారు. చెబితే పెద్దోడు గురువారం మనిషి అవుతాడు. తాను సొంత కోడల్ని ముంచిన మనిషి అవుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆవిడకి తెలుసు. రెండుసార్లు తన చేతులతో పూడ్చి వచ్చింది, తెలియకపోవడమేం?

"ఊరికేనమ్మా. నడుం నొప్పిగా ఉంటోంది, ఏదైనా మందియ్యి" అంది.

నర్సమ్మ పూసుకునే మందిచ్చింది. పరుపులమ్మ ఇంటికొచ్చి అది తీసి పూసుకుంది కూడా.

నెలలు నిండి, నొప్పులొచ్చి, ఇంక దారి లేక ఆరోగ్య కేంద్రానికే తీసుకెళ్ళారు. మగబిడ్డ. ఈసారి బతికే పుట్టాడు. అరచేతులూ అరికాళ్ళూ పొక్కి, తోలు ఊడిపోతోంది. నర్సమ్మ వాణ్ణి ఎత్తి చూడగానే తెల్లబోయింది. "సూదులు వేశాం కదా! ఇద్దరికీ వేశాం కదా!" అంటూ ఆ బిడ్డ కోసం చెయ్యగలిగినదంతా చేసింది. మరుసటిరోజు మధ్యాహ్నానికి వాడు ఏడవడం మానేశాడు. తల్లి వాడి నోట్లో పాలు పిండుతూనే ఉంది, పక్కామె చెయ్యి పట్టుకుని ఆపేదాకా. అది చూసిన పరుపులమ్మకి ఆ క్షణాన తన ప్రాణం పోతే బాగుండుననిపించింది. పోలేదు. మనం అడిగినప్పుడు పోదు.

కోడల్ని తీసుకెళ్ళడానికి ఆ పిల్ల అన్న వచ్చాడు. ఊళ్ళో అడుగుపెట్టేలోపే ఎవరో అన్నీ చెప్పేసినట్టున్నారు, గుమ్మంలోకి కూడా రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. చెల్లెలి కళ్ళలోకి చూడలేదు. కోడలు సంచీ భుజానికి తగిలించుకుని అత్తగారి ముందు ఆగింది.

"అత్తయ్యా, మీరైనా నన్ను నమ్ముతారా?"

"నమ్ముతానమ్మా. నువ్వు నిప్పులాంటి పిల్లవి."

"అయితే ఆ మాట మా అన్నయ్యతో చెప్పండి. ఇంకేం అక్కర్లేదు. నన్ను ఇంట్లోకి రానిస్తాడు."

వీధిలో ఉన్న మనిషి ఇటు తిరిగాడు. లోపల పెద్దోడు దగ్గాడు. పరుపులమ్మ కోడలి సంచీ సర్దుతున్నట్టు దాని తాడు పట్టుకుని నిలబడింది.

"పొద్దు పోతోంది, బయల్దేరండి. దారిలో జాగ్రత్త" అంది.

ఆ పిల్ల అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది. తర్వాత ఏమైందో ఆ ఇంట్లో ఎవరూ కనుక్కోలేదు. అన్న ఇంట్లో ఎక్కువకాలం లేదని మాత్రం ఎవరో అన్నారు.

మళ్ళీ వానలు పడ్డాయి, బోరు బండి ఆగింది, పెద్దోడు ఇంటికొచ్చాడు. వాడికి సంబంధం చూడటానికి పక్క ఊరి నుంచి పెళ్ళికూతురి తల్లీ, మేనమామా వచ్చారు. వచ్చినావిడ గట్టి మనిషి. మాటల మధ్య గ్లాసు కింద పెట్టి, సూటిగానే అడిగింది.

"ఏమీ అనుకోకు వదినా. మా ఊళ్ళో కూడా ఆరోగ్య కేంద్రం వాళ్ళు మీటింగు పెట్టారు. అందరూ లేచిపోయినా నేను చివరిదాకా కూర్చుని విన్నాను. పెళ్ళికి ముందు మగపిల్లాడి రక్తం చూపించాలన్నారు. మొదటి పెళ్ళానికేదో రోగం ఉండి పంపేశారని విన్నాను. మీ అబ్బాయికి అంటలేదు కదా? నాకు ఒక్కతే పిల్ల."

పెద్దోడు గడప మీద కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు. పరుపులమ్మ ఆ తల్లి మొహంలోకి చూసింది. అన్నీ తెలుసుకుని, సిగ్గు విడిచి, తన బిడ్డ కోసం అడగాల్సిన మాట అడిగిన మనిషి. అలాంటి మనిషిని ఆవిడ తన జన్మలో ఇదే మొదటిసారి చూడటం.

"వాడి రక్తం పరీక్ష చేయించాం వదినా. ఆరోగ్య కేంద్రంలోనే. ఏమీ లేదని చెప్పారు. కావాలంటే నర్సమ్మని అడుగు."

అడిగితే నర్సమ్మ కూడా అదే చెబుతుంది. ఆ తల్లి తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

"ఈ రోజుల్లో ఇంత జాగ్రత్త ఎవరు పడతారు వదినా! నా పిల్ల అదృష్టం" అని, ముహూర్తం సంగతి మాట్లాడదామని పీట దగ్గరికి జరుపుకుంది.